క్యాల్ బటన్ నొక్కి వెళ్లిపోయేవారికి బహిరంగ లేఖ

మిత్రమా,

మీరు ఏదో ఒక్క ల్యాబ్‌లో ఉండే మనిషైతే ఈ మాట విడిగా పిలిచి చెబితే సరిపోయేది. జీడిమెట్లలో, పటాన్‌చెరులో, పరవాడలో, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల్లో, అన్ని చోట్లా ఉన్నారు కాబట్టి నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్ మీద అంకె కాస్త తేడాగా కనిపిస్తే చాలు, మీ వేలు క్యాల్ (క్యాలిబ్రేషన్) బటన్ మీదికి పోతుంది. లోపలి వెయిట్ దిగుతుంది, లేస్తుంది, తెర మీద సున్నాలు వరుసగా నిలబడతాయి. లాగ్‌బుక్‌లో ‘క్యాల్ ఓకే’ అని రాసి మీ పనికి మీరు వెళ్లిపోతారు. తేడా ఎందుకొచ్చిందో మీరు చూడలేదు. అది బ్యాలెన్స్ లెక్కల్లోకి వెళ్లి దాక్కుంది. దాన్ని వెతికి బయటికి తీయడం మీ తరువాత కూర్చునేవాళ్ల మెడకు చుట్టుకుంటోంది.

ప్యాన్ కింద ఏముందో ఒక్కసారి తలుచుకోండి. ఒక శాశ్వత అయస్కాంతం, దాని క్షేత్రంలో ఒక తీగచుట్ట. ప్యాన్ మీద బరువు పడగానే చుట్ట కిందికి జరగబోతుంది. కాంతితో పనిచేసే సెన్సర్ దాన్ని పసిగడుతుంది. చుట్టను మళ్లీ మొదటి చోటికి తెచ్చేంత కరెంటును యంత్రం పంపిస్తుంది. ఆ కరెంటునే గ్రాముల్లోకి మార్చి మనకు చూపిస్తుంది. అంటే అది కొలిచేది ప్యాన్‌ను కిందికి నొక్కే బలాన్ని. ఆ బలం భూమ్యాకర్షణదో, ఏసీ గాలిదో, ప్లాస్టిక్ బోటు మీద చేరిన స్థిర విద్యుత్తుదో దానికి తెలియదు. మీరు క్యాల్ నొక్కినప్పుడు అది చేసే పని కూడా చిన్నదే: తెలిసిన వెయిట్‌కు ఎంత కరెంటు పట్టిందో చూసి, ఆ నిష్పత్తిని గుర్తుపెట్టుకుంటుంది. ఆ క్షణంలో బ్యాలెన్స్ వంగి ఉంటే, వంగిన నిష్పత్తే గుర్తుంటుంది.

లెక్క చూడండి. బ్యాలెన్స్ 1 డిగ్రీ వంగితే 200 గ్రాముల వెయిట్ సుమారు 30 మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తుంది. మీరు లెవెల్ చూపే బుడగను చూడకుండా క్యాల్ నొక్కారు. ఆ 30 మిల్లీగ్రాములు నిష్పత్తిలో కలిసిపోయి రీడింగ్ 200.0000 అయింది. మర్నాడు పొద్దున ఇంకొకరు వచ్చి, పాదాల స్క్రూలు తిప్పి బుడగను వలయం మధ్యకు తెచ్చారు. పద్ధతిగా పని చేసింది వారే. ఇప్పుడు అదే వెయిట్ 30 మిల్లీగ్రాములు ఎక్కువ చూపిస్తోంది, సంజాయిషీ ఇచ్చుకోవలసింది కూడా వారే.

20 మిల్లీగ్రాముల స్టాండర్డ్ తూచేటప్పుడు ఈ తప్పు ప్రభావం దాదాపు ఏమీ ఉండదంటారా? నిజమే. కానీ అక్కడ బెడద వేరే రకం, దానికి క్యాల్ బటన్ అసలు మందే కాదు. ఏసీ గాలికి చివరి అంకె 0.2 మిల్లీగ్రాములు అటూ ఇటూ ఊగుతోందనుకోండి. 20 మిల్లీగ్రాముల మీద అది 1 శాతం. మీరు 20.0 అని రాసుకున్న స్టాండర్డ్ నిజంగా 19.8 ఉంటే, దానితో పోల్చి లెక్కగట్టిన ప్రతి శాంపిల్ ఎస్సే 1 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. పదిసార్లు క్యాల్ నొక్కినా ఆ ఊగిసలాట తగ్గదు. అందుకే అమెరికా ఫార్మకోపియా 41వ అధ్యాయం ఒకే వెయిట్‌ను కనీసం పదిసార్లు తూచి, ఆ రీడింగుల చెదురును బట్టి కనీస తూకాన్ని నిర్ణయించమంటుంది. ఆ లెక్క ప్రకారం 0.1 మిల్లీగ్రాము వరకు చూపే నాలుగు దశాంశాల బ్యాలెన్స్ ఎంత మంచి గదిలో ఉన్నా, కచ్చితంగా తూచాల్సిన పదార్థాన్ని 82 మిల్లీగ్రాములకు తక్కువ తూచడానికి పనికిరాదు. 20 మిల్లీగ్రాములు కావాలంటే ఐదు దశాంశాల బ్యాలెన్స్ దగ్గరికి నడవాలి.

తేడా కనిపించినప్పుడు ముందు దాని తీరు చూడండి. అంకె అటూ ఇటూ ఊగుతుంటే గాలో, అదురో కారణం: అద్దాల తలుపులు మూశారా, ఏసీ గాలి నేరుగా తగులుతోందా, అదే బల్ల మీద సెంట్రిఫ్యూజ్ తిరుగుతోందా చూడాలి. అంకె ఆగకుండా పైకి పాకుతుంటే పదార్థం గాలిలోని తేమను పీలుస్తూ ఉండవచ్చు. సోడియం హైడ్రాక్సైడ్ ఎప్పుడూ చేసేదదే. కిందికి పాకుతుంటే ద్రావకం ఆవిరైపోతూ ఉండవచ్చు. ఓవెన్‌లోంచి తీసిన క్రూసిబుల్‌ను వేడిగానే పెడితే చుట్టూ ఉన్న గాలి పైకి లేస్తుంది, బరువు తక్కువ కనిపిస్తుంది, చల్లారేకొద్దీ అంకె పెరుగుతుంది. దాన్ని డెసికేటర్‌లో పెట్టి, గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తూచాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అయితే ఒంటిమీద తేమ పట్టి బరువు ఎక్కువ చూపిస్తుంది.

చలికాలంలో, గది తేమ 40 శాతానికి తక్కువ పడిపోయినప్పుడు, ప్లాస్టిక్ బోటు పెడితే స్థిర విద్యుత్తు వల్ల అంకె స్థిమితపడదు. గాజు పాత్రో లోహపు పాత్రో వాడండి, అయనైజర్ ఉంటే దాని ముందు పెట్టి తీయండి. ఫ్లాస్కులో మ్యాగ్నెట్ వేసి తూస్తుంటే దాన్ని తీసి చూడండి. తూచినది తీసేశాక సున్నాకు తిరిగి రాకపోతే ప్యాన్ ఎత్తి, కింద పొడి రేణువేదైనా ఇరుక్కుందేమో, ప్యాన్ అంచు దేనికైనా తగులుతోందేమో చూడండి. ప్యాన్ మధ్యలో ఒకటి, మూలల్లో ఒకటి చూపిస్తుంటే సర్వీస్ ఇంజినీర్‌ను పిలవాలి. ఇప్పుడే ప్లగ్ పెట్టిన బ్యాలెన్స్ అయితే ఊరుకోండి; దానికి కనీసం అరగంట, సున్నితమైన వాటికి కొన్ని గంటలు కరెంటులో ఉంటే తప్ప లోపలి వేడి కుదురుకోదు. వీటిలో ఏ ఒక్కటీ క్యాల్ బటన్‌తో తీరేది కాదు. జ్వరం తగ్గడం లేదని థర్మామీటర్ గీతలు చెరిపి కొత్తగా గీస్తే రోగికి ఏం ఒరుగుతుంది?

ఆ బటన్‌కు తగిన వేళలు ఉన్నాయి. బ్యాలెన్స్‌ను చోటు మార్చినప్పుడు అది తప్పనిసరి. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న పరవాడలో సరిచేసిన బ్యాలెన్స్‌ను అర కిలోమీటరుకు పైగా ఎత్తున్న జీడిమెట్లకు తెచ్చి అలాగే వాడితే, 100 గ్రాముల వెయిట్ 10 మిల్లీగ్రాములకు పైగా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఎత్తుకు వెళ్లేకొద్దీ భూమ్యాకర్షణ తగ్గుతుంది. అంత దూరం అక్కర్లేదు, అదే భవనంలో ఒక అంతస్తు పైకి మార్చినా 200 గ్రాముల మీద సుమారు 0.2 మిల్లీగ్రాముల తేడా వస్తుంది. నాలుగో దశాంశం దాన్ని చూపించగలదు. గది ఉష్ణోగ్రత బాగా మారినప్పుడు, బ్యాలెన్స్‌ను మళ్లీ లెవెల్ చేసినప్పుడు, సర్వీసింగ్ తరువాత కూడా నొక్కాల్సిందే. లోపలి వెయిట్ లేని బ్యాలెన్స్‌కు ఏ వెయిట్ పెడుతున్నారో కూడా చూసుకోండి. 200 గ్రాముల వెయిట్‌కు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే తేడా ఈ2 తరగతిలో 0.3 మిల్లీగ్రాములు, ఎఫ్1లో 1, ఎం1లో 10. మామూలు తూకపు పెట్టెలోని ఎం1 వెయిట్‌తో నాలుగు దశాంశాల బ్యాలెన్స్‌ను సరిదిద్దితే, వెయిట్‌లోని తప్పంతా బ్యాలెన్స్‌కు అంటిస్తున్నట్టే. వట్టి చేత్తో పట్టుకుంటే వేలిముద్ర జిడ్డు కూడా తోడవుతుంది. వాటిని పట్టుకారుతోనే తీయాలి.

అన్నిటికన్నా నన్ను బాధించే సంగతి ఒకటుంది. క్యాల్ నొక్కడానికి ముందు బ్యాలెన్స్ ఎంత చూపిస్తోందో మీరు ఎక్కడా రాయరు. చెక్ వెయిట్ పెట్టినప్పుడు 200.0000 రావలసిన చోట 199.9700 వచ్చిందనుకోండి. పోయినసారి సరిగ్గా ఉన్న రోజు నుంచి ఈ రోజు వరకు ఆ బ్యాలెన్స్ మీద తూచిన ప్రతిదాన్నీ మళ్లీ పరిశీలించాలని ఆ అంకె చెబుతోంది. ఏ బ్యాచ్‌లు, ఏ ద్రావణాలు, ఎవరి రిపోర్టులు అని తేల్చుకోవడానికి మిగిలిన ఒకే సాక్ష్యం అది. దాన్ని చూడకుండా, రాయకుండా బటన్ నొక్కితే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. ఏ తూకం నమ్మాలో, ఏది నమ్మకూడదో చెప్పగలవాళ్లు ఇక ఎవరూ ఉండరు.

మీకు పని ఒత్తిడి ఉందని తెలుసు. శాంపిళ్లు వరుసలో ఉంటాయి, రిపోర్టు కోసం పైవాళ్లు ఫోన్లు చేస్తుంటారు. అయినా ఈ రిపోర్టు చివరికి చేరేది ఒక మాత్ర వేసుకునే మనిషి దగ్గరికి. ఆ మాత్రలో మందు ఎంత ఉందో ఆ మనిషి తూచి చూసుకోలేరు. వారి తరఫున తూచింది మనమే.

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఇకమీదట క్యాల్ బటన్ మీద వేలు పెట్టే ముందు బుడగ చూడండి, ప్యాన్ తుడవండి, చెక్ వెయిట్ పెట్టండి, కనిపించిన అంకెను ఉన్నదున్నట్టు లాగ్‌బుక్‌లో రాయండి. కారణం దొరికితే దాన్ని తీసేసి, దొరకకపోతే ఆ మాటే రాసి, ఆ తరువాతే బటన్ నొక్కండి. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు లేవనుకుంటే, ఆ రోజుకు తూచే పని ఇంకొకరికి అప్పగించండి.

ఇట్లు,
మీ తరువాతి షిఫ్ట్‌లో అదే బ్యాలెన్స్ ముందు కూర్చునే సహోద్యోగి