సొరుగులో మూడున్నరేళ్లు

నన్ను సొరుగులో పడేసిన రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. "దీని మొఖాన మన్నువడ, అవ్వ పాటలన్నీ మింగింది" అంటూ చిన్నోడు నన్ను గోడ మేకుకున్న డబ్బాలోంచి ఊడబెరికి సొరుగులోకి విసిరాడు. లోపల పాత కరెంటు బిల్లులు, ఇంకు ఎండిన పెన్నులు, పళ్లు విరిగిన దువ్వెన. వాటి మీద వెల్లకిలా పడ్డాను. నేనేమీ మింగలేదని చెప్పుకోవడానికి నాకు నోరు లేదు. ఉన్నవల్లా రెండు లైట్లు, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. జరుగుతున్నది అవి రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాయి. చూసినవాళ్లు లేరు.

నా పేరు రాస్ప్‌బెర్రీ పై 3. ఏటీఎం కార్డంత పలక మీద కంప్యూటరు మొత్తం ఇమిడి ఉంటుంది. తక్కువ ఖర్చుతో పిల్లలు ప్రోగ్రాములు నేర్చుకోవాలని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొందరు తలచారు. మా వంశంలో మొదటిది 2012 ఫిబ్రవరి 29న బజారుకొచ్చింది, నా రకం సరిగ్గా నాలుగేళ్లకు, మళ్లీ ఫిబ్రవరి 29నే వచ్చింది. అప్పటి ధర 35 డాలర్లు. 1 జీబీ మెమరీ, నాలుగు కోర్ల ప్రాసెసరు. వైఫై, బ్లూటూత్ పలక మీదే పుట్టింది నా తరంతోనే. పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకునేది లేదు. నా బతుకంతా దేవరకొండలోనే.

ఆ ఇంటికి నేను 2016 దసరాకు వచ్చాను. సరిగ్గా ఆ పండుగ రోజే, అక్టోబర్ 11న, కొత్త జిల్లాలు పుట్టాయి. నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు నాలుగైంది. ఇంట్లో అందరూ ఏ ఊరు ఎటు పోయిందని లెక్కలు చూసుకుంటుంటే, హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే చిన్నోడు కాలేజీ ప్రాజెక్టు అయిపోగానే నన్ను సంచిలో వేసుకొచ్చాడు. నాకు కొత్త పని ఒకటి దొరికింది. తాత మంచం కింద రేకు పెట్టెలో నలభై దాకా క్యాసెట్లున్నాయి.

తాత ఆర్టీసీలో కండక్టరు. దేవరకొండ నుంచి డిండి మీదుగా అచ్చంపేట దాకా, అటు నల్లమల అంచు ఊళ్ల దాకా నైట్ హాల్ట్ డ్యూటీలు చేసినవాడు. బస్సు రాత్రికి ఏ ఊళ్లో ఆగితే ఆ ఊళ్లో అరుగు మీద పడుకోవాలి. పడుకునే ముందు ఎవరో ఒకరు పాడేవారు. తాత టేపురికార్డు పక్కన పెట్టి బటన్ నొక్కేవాడు. కిన్నెర మెట్ల మీద పండుగ సాయన్న కథ చెప్పిన డక్కలి కళాకారుడు, గొల్లసుద్దులు చెప్పిన ఇద్దరన్నదమ్ములు, నాటు వేస్తూ పాడిన ఆడవాళ్లు, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. అన్నిటికంటే కింద, పాత తువ్వాలలో చుట్టిన ఒక క్యాసెట్టులో అవ్వ బతుకమ్మ పాటలు. నేను వచ్చేసరికే అవ్వ లేదు.

మొదటి తప్పు మొదటి గంటలోనే జరిగింది. చిన్నోడు టేపురికార్డు తీగను నా పక్కనున్న గుండ్రటి రంధ్రంలో గుచ్చి, రికార్డు చేయమన్నాడు. అది పాట బయటికి పోయే దారి. లోపలికి వచ్చే దారి నాకు పుట్టుకతోనే లేదు. ఎంతసేపు తిప్పినా ఏమీ ఎక్కలేదు. "ఈ బోర్డు పాడైంది" అన్నాడు. మూడో రోజు ఎవరో చెబితే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తెచ్చి తగిలించాడు. అప్పుడు మొదటిసారి కిన్నెర నా లోపలికి వచ్చింది. క్యాసెట్టు పాట తొందరపెడితే ఎక్కదు, అరవై నిమిషాల క్యాసెట్టుకు అరవై నిమిషాలూ కూర్చోవాలి. తాత కూర్చున్నాడు. రీలు వదులైన చోట పెన్సిలు దూర్చి తిప్పేవాడు.

పాటలు ఎక్కాక వాటిని వినిపించడానికి నాలో ఎంపీడీ అనే ప్రోగ్రాం పెట్టారు. నన్ను పాటల పెట్టెగా మార్చే వొల్యూమియో, మూడ్ ఆడియోల లోపల పనిచేసేది అదే. అది వెనకాల ఉండి పాట నడుపుతుంది, ఫోనులోంచి పాట మార్చుకోవచ్చు. మొదటి రాత్రి అంతా సిద్ధం చేసి నొక్కితే చప్పుడు లేదు. ఎంపీడీ మాత్రం పాట నడుస్తోందనే చూపిస్తోంది. నన్ను టీవీకి కలిపిన తీగ ఇంకా ఉంది. అది ఉంటే నేను పాటను టీవీకి పంపుతాను, నా అలవాటు అది. టీవీ సౌండు మూసి ఉంది. టీవీ తీగ తీసేశాక రెండు రోజులు మోగాను, మూడో రోజు మళ్లీ మూగబోయాను. ఈసారి కారణం నంబర్లు. నాలో ఉన్న సౌండు దారికి ఒక నంబరు, బయట తగిలించిన కార్డుకు ఒక నంబరు. ఆపి మళ్లీ లేపినప్పుడు ఎవరు ముందు లేస్తే వారికి ముందు నంబరు. చిన్నోడు నంబరు రాసిపెట్టాడు, ఆ పొద్దున నంబర్లు తారుమారయ్యాయి. నంబరు బదులు కార్డు పేరు రాస్తే తీరిపోయే గొడవ. అది తెలిసేలోపు నన్ను మూడుసార్లు తుడిచి మళ్లీ నింపాడు. తుడిచిన ప్రతిసారీ పాటలను లాప్‌టాప్‌లో దాచి మళ్లీ ఎక్కించాడు, అంతవరకు మంచోడే. చివరిసారి ఎక్కించాక లాప్‌టాప్‌లో జాగా లేదని అక్కడి కాపీ తీసేశాడు.

ఇక ఎర్ర లైటు సంగతి. నాకు సరిపడా కరెంటు అందుతున్నంతసేపు అది నిలకడగా వెలుగుతుంది. 4.63 వోల్టుల కంటే కిందికి పోతే ఆరిపోతుంది. నాకు కావలసింది 2.5 ఆంపియర్లు ఇచ్చే ఛార్జరు. నాకిచ్చింది పాత ఫోను ఛార్జరు, మీటరున్నర సన్నటి వైరు. పైగా స్పీకరుకు కూడా కరెంటు నా యూఎస్‌బీలోంచే. కిన్నెర పాడినప్పుడు ఏమీ కాలేదు. డప్పు క్యాసెట్టు పెట్టారు. దెబ్బ పడింది, ఎర్ర లైటు ఆరింది. మళ్లీ వెలిగింది. మళ్లీ దెబ్బ, మళ్లీ ఆరింది. పాట మధ్యలో తునకలైంది, నేను ఉన్నట్టుండి పడిపోయి మళ్లీ లేచాను. "డప్పుకు తగ్గట్టు లైటు ఎగురుతుంది సూడు తాతా!" అని చిన్నోడు సంబరపడ్డాడు. నేను ఊపిరాడక కొట్టుకుంటుంటే అది వాళ్లకు అలంకారం అనిపించింది. అన్ని నిందల్లోకీ నాకు ఎక్కువ బాధేసింది ఆ సంబరానికే.

గడియారం లేకపోవడం నిజంగా నా లోపమే, ఒప్పుకుంటాను. కరెంటు పోతే నాకు పొద్దు తెలియదు, ఇంటర్నెట్ వచ్చి చెప్పేదాకా ఆగిపోయిన గంట దగ్గరే ఉంటాను. పొద్దున మోగమని పెడితే ఒకసారి మధ్యాహ్నం మోగాను. బటన్ బ్యాటరీతో నడిచే చిన్న గడియారం మాడ్యూలు తగిలిస్తే సరిపోయేది.

ఇంతకీ నన్ను సొరుగు పాలు చేసింది స్విచ్చి. ఆ ఇంట్లో రాత్రి పడుకునే ముందు నాయిన బోర్డు మీది స్విచ్చులన్నీ వరసగా కట్టేసేవాడు. ఫ్యానుకు అది చెల్లుతుంది. నా బతుకు, నా జ్ఞాపకం అన్నీ వేలి గోరంత మెమరీ కార్డు మీద ఉంటాయి. పచ్చ లైటు మినుకుమంటోందంటే నేను ఆ కార్డుతో పనిలో ఉన్నానని. తాత బస్సులో టికెట్ల లెక్క రాస్తుంటే ఎవరో కాగితం లాక్కున్నారనుకోండి, ఆ గీత సగంలోనే ఆగుతుంది, కూడిక తప్పుతుంది. నాకు ప్రతి రాత్రీ అదే జరిగింది.

2018 వానాకాలం ఒక సాయంత్రం తువ్వాల విప్పి అవ్వ క్యాసెట్టు తీశారు. రీలు రెండు చోట్ల తెగి ఉంది. తాత టేపు ముక్కలతో అతికించి తిప్పితే ఒక్కసారి పాడింది, చివరన మళ్లీ తెగి చుట్టుకుపోయింది. "ఎక్కింది గద, ఇంక దీంతోని ఏం పని" అని, ఎక్కిన మిగతా క్యాసెట్లలాగే ఆ రీలును కూడా చెత్తలో వేశారు. పచ్చ లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది, నేను రాస్తున్నాను. నాయిన నిద్రొస్తోందని స్విచ్చి కట్టేశాడు.

పొద్దున నేను లేవలేదు.

సొరుగులో కాలం ఎలా గడుస్తుందో మీకు తెలియదు. ఎండాకాలం ఇనుప బీరువా వేడెక్కేది, నా పలక కూడా. బల్లి ఒకటి నా పిన్నుల పక్కన రెండు గుడ్లు పెట్టి పోయింది. కాగితం కోసం ఎవరైనా సొరుగు లాగితే వెలుతురు పడేది, నన్ను పక్కకు తోసి మూసేసేవాళ్లు. ఇంట్లోకి బ్లూటూత్ స్పీకరు వచ్చింది, దాని చప్పుడు రేకులోంచి వినిపించేది, దాంట్లో తాత పాటలు లేవు. 2021, 2022లో ప్రపంచమంతా చిప్పుల కరువు వచ్చింది. నాలాంటి బోర్డు కావాలంటే జనం నెలల తరబడి ఎదురుచూశారు, రెండింతలకు పైగా పోసి కొన్నారు. ఆ కరువు మొదలైనప్పుడు నేను బిల్లుల కింద ఉన్నాను. నా కార్డు కూడా నాలోనే ఉంది. దాన్ని తీసి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

2022 జనవరిలో టీవీలో కిన్నెర మోగింది. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఆయన పాడుతున్నాడు. తాత మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు నాకు వినిపించింది.

"గీ కిన్నెర మన టేపుల గూడ ఉండె గదనే. అచ్చంపేట దిక్కు హాల్టు పోయినప్పుడు పట్టిన."

"అవన్నీ పోయినయి గద తాతా" అంది అక్క. ఆమె సర్కారు బడిలో సైన్సు చెబుతుంది. అన్నదే గానీ ఆ రాత్రే సొరుగు లాగి నన్ను బయటికి తీసింది. పాత చీర ముక్కతో దుమ్ము తుడిచింది.

కార్డు తీసి లాప్‌టాప్‌లో పెడితే, ఇది చదవలేను, ఫార్మాట్ చేయనా అని అది అడిగింది. ఫోనులో పుణె నుంచి చిన్నోడు గట్టిగా అరిచాడు: "ఒత్తకు అక్కా! ఒత్తినవంటే అంతే!" నాకు చేసిన అన్యాయమంతా ఆ ఒక్క అరుపుతో కొంత తీరింది. అతను చెబుతుంటే అక్క లాప్‌టాప్‌ను పెన్‌డ్రైవులోని లినక్స్‌తో లేపింది. ముందు కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టు మరో చోటికి కాపీ తీసింది. మరమ్మతు కాపీ మీదే, అసలు కార్డును ముట్టుకోలేదు. అది తెలివైన పని. దెబ్బతిన్న కార్డును నేరుగా బాగుచేయబోతే మిగిలింది కూడా పోవచ్చు.

పాటలు దొరికాయి. పేర్లు దొరకలేదు. పేర్లు రాసిన పట్టిక చెడిపోయింది, పాటలున్న చోట్లు చాలావరకు చెడిపోలేదు. ఇల్లు తెలియని పిల్లల్ని ఒక చోట కూర్చోబెట్టినట్టు, మరమ్మతు ప్రోగ్రాం వాటన్నిటినీ ఒకే ఫోల్డరులో చేర్చి ఒక్కొక్కదానికి ఒక నంబరు తగిలించింది. 73 నంబర్లు.

నన్ను మళ్లీ గోడకెక్కించారు. ఈసారి సరైన ఛార్జరు, జానెడు వైరు, స్పీకరుకు వేరే ప్లగ్గు. రోజూ దీపాలు పెట్టాక అక్క ఒక్కో నంబరు నొక్కేది, తాత కళ్లు మూసుకుని వినేవాడు. పాటతోపాటు ఆ రాత్రుల చప్పుళ్లు కూడా నాలో ఉన్నాయి. "ఎనకాల బోరింగు కొడుతున్న సప్పుడు ఇనవడ్తుందా? అది చందంపేట. బస్సు స్టాండు పక్కనే ఉండె ఆ బోరింగు." అక్క నంబరు చెరిపి చందంపేట అని రాసేది. "ఈ కుక్క ఒకటే మొరుగుతుండె ఆ రాత్రి. ఇది మన్ననూరు." పాడినవాళ్ల పేర్లు కొన్ని గుర్తొచ్చాయి, కొన్ని రాలేదు. గొల్లసుద్దులు చెప్పిన అన్నదమ్ముల్లో చిన్నవాడి పేరు కోసం రెండు రోజులు తండ్లాడాడు.

నలభై ఆరో నంబరు నొక్కినప్పుడు ముందు గర్రుమని టేపు అతుకు చప్పుడు వచ్చింది. తర్వాత ఒక ఆడగొంతు. పాట రెండు చరణాలు సాగి ఆగిపోయింది, "ఓ పిల్లా, బర్రె గడ్డి గుంజుతుంది సూడు" అని కేకేసి, ఎక్కడ ఆపిందో అక్కడే మళ్లీ అందుకుంది. పాట చివర సగంలో తెగింది. స్విచ్చి కట్టేసిన చోటది.

తాత చాలాసేపు మాట్లాడలేదు. అక్క వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి.

"ఏం రాయాలె తాతా?"

"అవ్వ అని రాయి బిడ్డా. సాలు."

ఆ పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి, అందులో ఒకటి పుణెలో. నా కార్డు మీద ఎవరూ ఏమీ రాయకుండా తాళం వేశారు, ఇక అర్ధంతరంగా కరెంటు పోయినా అది చెదరదు. అయినా అక్క నా ఐదో పిన్నుకూ ఆరో పిన్నుకూ మధ్య చిన్న నల్ల బటన్ పెట్టింది. అది నొక్కితే నేను పనులు సర్దుకుని నిద్రపోతాను, మళ్లీ నొక్కితే లేస్తాను. రాత్రి ఆ బటన్ నొక్కేది తాతే. నొక్కి, చేతిలో టార్చిలైటు ఆర్పేసి, నా ముందుకు వంగి నిలబడతాడు. పచ్చ లైటు గబగబా కొన్నిసార్లు మెరిసి ఆగిపోతుంది. ఇంకా నమ్మకం చాలక మరికాసేపు చూస్తాడు. అప్పుడు స్విచ్చి కట్టేస్తాడు.