నన్ను తిరగేసి చూడండి

నేను కాళ్ల పీటను. మీ ఇళ్లలో పీట ఉండేది కూర్చోవడానికి. నేను పుట్టిన విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో నా మీద పెట్టేది పాదాలే. అక్కడ చలికాలంలో తలుపు సందుల్లో దూరిన గాలి నేలబారున పాకుతుంది. కాళ్లు అరడుగు పైకి లేస్తే ఎంత సుఖమో నేనున్న ఇంటి ముసలమ్మకు తెలుసు.

మహాగని చట్రం, నాలుగు గుండ్రటి కాళ్లు, అడుగున జనపనార నవారు, దాని మీద గోనెపట్టా, కడుపు నిండా గుర్రపు వెంట్రుకలు. ఇదీ నా ఒళ్లు. నా గర్వమంతా పైన ఉన్నితో కుట్టిన గులాబీలే.

ఆ రోజుల్లో బెర్లిన్‌లో గళ్ల కాగితం మీద అచ్చువేసి, రంగులద్దిన పూల నమూనాలు వచ్చేవి. ఒక గడికి ఒక కుట్టు. ఉన్ని కూడా జర్మనీదే. అందుకే దాన్ని బెర్లిన్ ఉన్ని పని అనేవారు. నాది చదరపు అడుగు ముఖం. అంగుళానికి పది కుట్ల లెక్కన 14,400 కుట్లు! ఆ ఇంటి పెద్దమ్మాయి శీతకాలమంతా కూర్చుని కుట్టింది. ఒక ఆకు దగ్గర లెక్క తప్పి, విప్పి మళ్లీ కుట్టింది. ఆ తప్పు ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు క్వినైన్ చేయబోతే ఊదా రంగు పుట్టింది. దాని వెనకే మెజెంటా వచ్చింది. నా గులాబీలకు పడింది ఆ కొత్త రంగే. చూసినవాళ్ల కళ్లు చెదిరేవి.

నన్ను తొక్కారని నాకు బాధ లేదు. తొక్కించుకోవడానికే పుట్టాను. తొక్కడం మానేశాకే నా కష్టాలు మొదలయ్యాయి. 1872లో లండన్‌లో కుట్టుపని కళకు ప్రత్యేకంగా బడి పెట్టారు. గళ్లు నింపడమూ ఒక కళేనా అని కొత్త అభిరుచి వాళ్లు పెదవి విరిచారు. నన్ను కిటికీ పక్కకు నెట్టారు. ఎండకు మెజెంటా తట్టుకోలేదు, ఏటికేడు వెలిసిపోయింది. గులాబీల చుట్టూ ముదురు గోధుమరంగు ఉన్నికి అద్దేటప్పుడే ఇనుప ఉప్పు పట్టించారు. ఆ ఇనుమే ఉన్నిని కొరికి పొడి చేసింది. ఇప్పుడక్కడ కాన్వాసు పళ్లికిలించినట్టు కనబడుతుంది.

తర్వాత అటక. అక్కడ చిమ్మెటలు. ఎగిరేది తినదు, దాని పిల్ల తింటుంది. ఓ మహానుభావుడు బాగుచేస్తానని సబ్బునీళ్లతో రుద్దాడు. ఆకుల పచ్చ పూలలోకి కారింది. ఇంకొకాయన పాత చీలలు పీకి పిన్నులు కొట్టాడు. నా మహాగనికి ఇంకా నొప్పే.

ఇప్పుడు పాతసామాన్ల దుకాణంలో ఉన్నాను, కాలికి ధరచీటీతో. మొన్న ఒకామె వచ్చి నన్ను తిరగేసింది. చట్రం కింద మడిచిన అంచును వేలితో కొంచెం ఎత్తింది. ఎండ చేరని ఆ రెండు వేళ్ల మేర మెజెంటా నిన్న కుట్టినట్టే ఉంది.

కొనలేదు. వెళ్తూ వెళ్తూ నన్ను కిటికీ దగ్గర నుంచి తీసి నీడలో పెట్టింది.