మిర్చి కూలి చేతిలో పంపును

మందుల షాపులో నన్ను ఇన్‌హేలర్ అంటారు. గుంటూరులో నన్ను వాడే ఆమెకు మాత్రం పంపునే. ఎండుమిరపకాయల తొడిమలు తీసే కూలి ఆమె. చీర చెంగు ముక్కుకు చుట్టుకున్నా ఘాటూ దుమ్మూ లోపలికి పోతూనే ఉంటాయి. రాత్రి పడుకునే వేళకు ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు దిండు కింద నుంచి నన్ను తీస్తుంది. చుట్టాలుంటే గోడవైపు తిరిగి నన్ను నోట్లో పెట్టుకుంటుంది. అది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

"పంపు మొదలెట్టావంటే ఇక వదలదే, మాత్రలేసుకో" అంటుంది పక్కింటి పెద్దమ్మ. నాలో ఉన్నది సాల్‌బుటమాల్. ఒక్కో నొక్కుకు 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రగా వస్తుంది, అంటే నా నొక్కులు నలభై! అది కడుపులో దిగి, నెత్తురులో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. ఈలోగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. నేను తిన్నగా శ్వాసనాళాల్లోకే వెళ్లి, బిగుసుకున్న కండరాలను నిమిషాల్లో వదులు చేస్తాను. మరి భయపడాల్సింది దేనికి?

పీల్చే మందు కొత్తదేమీ కాదు. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి 1802 ప్రాంతంలో మద్రాసు నుంచే బ్రిటన్‌కు వెళ్లింది. ఉమ్మెత్తలో నాళాలను వదులు చేసే గుణం నిజమే, విషమూ నిజమే. పైగా పొగ! 1955లో అమెరికాలో ఉబ్బసమున్న పదమూడేళ్ల పాప, తన మందు స్ప్రేలాగా ఎందుకు రాదని తండ్రిని అడిగింది. ఆయన జార్జ్ మైసన్, రైకర్ మందుల కంపెనీ అధిపతి. మరుసటి ఏడాదే మా జాతిలో మొదటిది అంగళ్లకు వచ్చింది. సాల్‌బుటమాల్‌తో మేం వచ్చింది 1969లో.

నన్ను వాడటానికి ఓపిక కావాలి. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నిదానంగా పీలుస్తూ నొక్కాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. గబగబా కొడితే మందంతా గొంతుకే అంటుకుంటుంది. స్పేసర్ గొట్టం తగిలిస్తే ఆ వృథా తగ్గుతుంది.

ఇంకో సంగతి. నేను నాళాలు తెరుస్తానే గానీ లోపలి వాపును తగ్గించలేను. అది స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పని. డాక్టరు రాసిచ్చినా, ఆయాసం లేని రోజున అదెందుకని ఆమె అలమరలో పెట్టేసింది. "అత్తమ్మా, రోజూ పీలిస్తేనే ఆ మందు పని చేసేది, పీల్చాక నోరు పుక్కిలించు" అని కోడలు పోరుతోంది. కోడలి మాటే నిజం. అప్పుడు నాతో పని తగ్గుతుంది, నాక్కావలసిందీ అదే. పన్నెండేళ్లు దాటినవాళ్లకు ఉబ్బసానికి నన్నొక్కదాన్నే ఇవ్వొద్దని 2019లో అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు కూడా తేల్చేశాయి.

మీ ఇంట్లో ఎవరైనా వారానికి రెండుసార్లకు మించి నన్ను వెతుక్కుంటుంటే డాక్టరుకు చూపించండి. నన్ను పీల్చినా ఊపిరి ఆడకపోతే, మాట పూర్తి చేయలేకపోతుంటే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.