ఇచ్చట విషములు తీయబడును

శని, ఆదివారాలు వస్తే హైదరాబాదు తన ఒంట్లోని విషం దించుకోవడానికి శామీర్‌పేట బయల్దేరుతుంది. అల్వాల్ దాటి, తూముకుంట దాటి, రాజీవ్ రహదారి మీద కార్లు బారులు తీరతాయి. ఇంకొందరు కొంపల్లి మీదుగా మేడ్చల్ దారి పడతారు. రిసార్టుల పేర్లు వేరు గానీ స్పా మెనూల్లో మంత్రం ఒక్కటే: డీటాక్స్. డీప్ టిష్యూ డీటాక్స్, ఫుట్ డీటాక్స్, ఫేస్ డీటాక్స్, కపుల్ డీటాక్స్. ఆ చివరిదాంట్లో ఆలుమగలిద్దరూ పక్కపక్క బల్లల మీద బోర్లా పడుకుని ఒకేసారి విషం దించుకోవచ్చు. పదేళ్ల కాపురంలో ఒకరి మీద ఒకరికి పేరుకున్నది కూడా అందులోనే పోతుందో, దానికి వేరే ప్యాకేజీ ఉందో మెనూలో రాయలేదు.

నూనె పెట్టి ఒళ్లు పట్టించుకోవడం మీద నాకు ఏ పగా లేదు. పట్టేవాళ్ల చేతిలో పనితనం ఉంటే అంతకు మించిన సుఖాలు కొన్నే ఉన్నాయి. నా తగవంతా ఆ సుఖానికి తగిలించిన సర్టిఫికెట్టుతో. గంటసేపు వీపు రుద్దితే ఒంట్లోంచి టాక్సిన్లు బయటికి వెళ్లిపోతాయట. ఏ టాక్సిను? సీసమా, పాదరసమా, పురుగుమందా, రాత్రి తాగిందా? పేరు చెప్పరు. ఎంత పోయిందో కొలిచి చూపించరు. పోయినదాన్ని ఎక్కడ పడేశారో అసలే చెప్పరు. పోలీసు స్టేషన్లో దొంగతనం ఫిర్యాదు ఇవ్వాలన్నా పోయిన వస్తువేమిటో రాయాలి. ఇక్కడ పోయినదానికి పేరు లేదు, తూకం లేదు, డబ్బు మాత్రం ముందే కట్టాలి.

అసలు ఈ పనికి మనిషి పుట్టుకతోనే సిబ్బందిని వెంటబెట్టుకుని వస్తాడు. రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. పనికొచ్చేదంతా రక్తానికి తిరిగి అప్పగించి, లీటరున్నరకు అటూ ఇటూగా బయటికి పంపేస్తాయి. కిలోన్నర కాలేయం మందుల్నీ మద్యాన్నీ అమ్మోనియానీ విడగొట్టి పంపుతుంది. వీటికి వీకెండ్ లేదు. వేణుగానం పెట్టమనవు, సువాసన కొవ్వొత్తులు వెలిగించమనవు. నిజంగానే ఇవి చేతులెత్తేస్తే ఆ మనిషికి కావలసింది డయాలసిస్ మంచం గానీ గులాబీరేకులు చల్లిన బల్ల కాదు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు సూదులు గుచ్చుకుని పడుకునేవాళ్లున్నారు. వీపు రుద్దితే పోయే విషమైతే వాళ్లకెందుకీ బాధ?

కాస్త చదువుకున్న స్పాలు టాక్సిన్ అనకుండా లాక్టిక్ యాసిడ్ అంటాయి. కండరాల్లో పేరుకుపోయిన యాసిడ్‌ను పిండి తీస్తారట. పరుగు ఆపిన గంటకల్లా రక్తంలో లాక్టేట్ దానంతటదే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు తొడలు పట్టేయడం అలవాటు లేని పనికి కండరం లోపల పడ్డ సన్నని దెబ్బల వల్ల. 2010లో కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధకులు మనుషులతో పిడికిలి బిగించే కసరత్తు చేయించి, ముంజేతికి మసాజ్ చేసి కొలిచి చూశారు. యాసిడ్ తొందరగా పోవడం అటుంచి, నొక్కినప్పుడల్లా రక్తప్రసారానికి అడ్డుపడి ఇంకా ఆలస్యంగా పోయింది. ఈ కబురు ఔటర్ రింగు రోడ్డు దాటి ఇటు రాలేదు. ఎగ్జిట్ దగ్గర టోలు కట్టడానికి భయపడిందేమో.

ఫుట్ డీటాక్స్ మరీ ముచ్చటైనది. ఉప్పునీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టి చిన్న కరెంటు పరికరం దించుతారు. పది నిమిషాల్లో నీళ్లు ఎర్రగా, తర్వాత మట్టిరంగులోకి తిరుగుతాయి. "చూశారా సార్, మీ లివర్‌లోది!" సార్ బిత్తరపోతాడు. సార్ లివర్‌కు సంబంధం లేని విషయమది. ఉప్పునీళ్లలో కరెంటు పారితే ఇనుప పలకలు తుప్పు పడతాయి, ఆ రంగు ఆ తుప్పుది. 2004లో బెన్ గోల్డేకర్ అనే బ్రిటిష్ డాక్టరు కారు బ్యాటరీ ఛార్జరూ, రెండు మేకులూ, ఉప్పునీళ్లూ తీసుకుని అందులో బార్బీ బొమ్మ కాళ్లు పెట్టాడు. నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. లివరే లేని ప్లాస్టిక్ బొమ్మ కూడా డీటాక్స్ అయిపోయింది.

సైన్సు చెబితే "ఇది మన ప్రాచీన ఆయుర్వేదం" అని అడ్డం తిరుగుతారు. సరే, ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుణ్నే అడుగుదాం. అష్టాంగ హృదయం సూత్రస్థానం రెండో అధ్యాయంలో రోజూ అభ్యంగం, అంటే నూనె మర్దనా, చేసుకోమన్నాడు. ముఖ్యంగా తలకు, చెవులకు, అరికాళ్లకు. ముసలితనం, అలసట, వాతం తగ్గుతాయన్నాడు. చూపుకు, నిద్రకు, చర్మానికి, ఒంటి గట్టిదనానికి మంచిదన్నాడు. ఆ జాబితాలో వీకెండ్ విషవిసర్జన లేదు. పైగా ఎవరు అభ్యంగం మానాలో కూడా చెప్పాడు: కఫరోగులు, శోధన చికిత్స అప్పుడే చేయించుకున్నవాళ్లు, అజీర్ణం ఉన్నవాళ్లు. ఇప్పుడు రిసార్టు డే ప్యాకేజీ చదవండి. పదకొండింటికి వెల్‌కమ్ డ్రింకు, ఒంటిగంటకు బిర్యానీ, చేపల వేపుడు, మూడు రకాల మిఠాయిలతో బఫే, మూడింటికి ఆయుర్వేద మసాజ్. వాగ్భటుడు వద్దన్న మనిషిని ముందు మేపి తయారుచేసి, తర్వాత వాగ్భటుడి పేరు మీదే బల్ల ఎక్కిస్తున్నారు.

మన ఇళ్లలో ఈ పని ఎప్పుడూ ఉంది, ఎవరూ ఇంత కోత కోయలేదు. కాళ్లు బార్లా చాపుకుని వాటి మీద పసిపిల్లను పడుకోబెట్టి నూనె మర్దనా చేసి నీళ్లు పోసే ముసలమ్మ లేని ఊరు లేదు. నువ్వుల నూనెతో తలంటి, బావంచాలు, కచ్చూరాలు కలిపి పట్టించిన సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడు రసం కళ్లలో పడి ఏడుస్తుంటే నెత్తిన రెండు మొట్టి మరీ పోసేవాళ్లు. ఎందుకే అమ్మమ్మా అంటే "ఒళ్లు తేలిగ్గుంటది బిడ్డా, కంటినిండ నిద్ర పడతది" అనేది. అంతే, అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. చెప్పినంత జరిగేది కూడా. ఆమె వైద్యానికీ ఈ వెల్‌నెస్‌కూ తేడా నూనెలో లేదు, కోతలో ఉంది.

మేడ్చల్ బస్టాండు దగ్గరి సెలూన్లో గడ్డం గీసి, రెండు అరచేతులు జోడించి నెత్తి మీద టపటపలాడించే మాలిష్ కూడా అంత నిజాయితీదే. ఒక్కటే మనవి: చివర్లో గడ్డం ఓ చేత్తో, వెనక తల ఓ చేత్తో పట్టుకుని మెడ టక్కున తిప్పబోతే "అన్నా, అదొద్దు" అనండి. మెడ ఎముకల్లోంచి మెదడుకు పోయే రక్తనాళం ఆ తిప్పుడుకు లోపల చిరగవచ్చు, పక్షవాతం రావచ్చు. తిప్పడమే కాదు, సెలూన్ సింకు మీద మెడ వెనక్కి వంచి తల కడిగించుకున్నాక వచ్చే పక్షవాతం గురించి 1993లోనే ఓ అమెరికా వైద్య పత్రిక రాసింది. 2022లో హైదరాబాదులోనే యాభై ఏళ్ల మహిళకు అలా జరిగిందని ఇక్కడి న్యూరాలజిస్టు బయటపెట్టారు. టాక్సిన్ల గురించి గంటసేపు చెప్పే రిసెప్షన్లలో ఈ హెచ్చరిక చెప్పడానికి అర నిమిషం ఎందుకు దొరకదో.

పెళ్లిళ్ల సీజన్లో ముఖానికి లింఫాటిక్ డ్రైనేజ్ అని ఇంకోటి. దవడ గీత తేలుతుందట. ఈ పద్ధతిని 1930ల్లో ఎమిల్ వొడ్డర్ అనే డేనిష్ ఆయన తయారుచేశాడు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచేవాళ్లకు ఇది నిజంగా వాడే చికిత్స. లింఫు నాళాలు పాడైనవాళ్లు మన దగ్గర ఇంకెవరో తెలుసా? బోదకాలు వాళ్లు. ఆసరా పింఛన్ల జాబితాలో వాళ్లకు ప్రత్యేకంగా చోటు ఇవ్వాల్సి వచ్చిందంటేనే ఎంతమంది ఉన్నారో ఆలోచించండి. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, పుండుంటే మందు రాసి, కాలు ఎత్తు మీద పెట్టి మడమ ఆడించడం వాళ్ల దినచర్య. దానికో టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు చాలు. రోజువారీ సెల్ఫ్ కేర్ అంటే ఇదీ. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం ఆ టబ్బు కనబడదు, ఎందుకంటే అందులో గులాబీరేకులు లేవు.

అరికాళ్ల దగ్గరికి వద్దాం. రిఫ్లెక్సాలజీ గదిలో గోడ మీద పాదాల బొమ్మ ఉంటుంది. ఇక్కడ నొక్కితే గుండె, అక్కడ నొక్కితే కిడ్నీ, కుడికాలి మధ్యలో లివర్. అమెరికాలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు 1917లో శరీరాన్ని పది నిలువు పట్టీలుగా గీసి పుస్తకం వేస్తే, 1930ల్లో యూనిస్ ఇంగమ్ దాన్ని పాదాలకు దించింది. మనవాళ్లు దాన్ని ప్రాచ్య రహస్యమని అమ్ముతున్నారు. అరికాలు నొక్కితే అవయవాలు బాగయ్యేటట్టయితే ఈ దేశంలో అందరికంటే ఆరోగ్యవంతులు 2020 వేసవిలో మేడ్చల్ రోడ్డు మీద కనబడ్డారు. లాక్‌డౌన్లో పని పోయి, బండ్లు లేక, నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో నాగ్‌పూర్ దిక్కుగా నడిచిపోయిన వలస కూలీలు. ఎండకు కాగిన తారు వాళ్ల పాదాల్లో ఏ పాయింటునూ వదిలిపెట్టలేదు. ఆ దారిలో వాళ్లకు నీళ్లు, చెప్పులు ఇచ్చినవాళ్లు ఎవరూ వెల్‌నెస్ కోచ్‌లమని చెప్పుకోలేదు.

హైదరాబాదు తన విషం దించుకునే చోటు ఇక్కడ నిజంగానే ఒకటుంది, కాకపోతే దానికి రిసెప్షన్ లేదు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. 2016లో కొత్త జిల్లా రాకముందు శామీర్‌పేట మండలంలోదే, ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోది. నగరం తిని పారేసింది, వాడి పారేసింది, రోజూ వేల టన్నులు లారీల్లో వచ్చి పడుతుంది. గుట్టలోంచి ఊరిన నల్లనీరు మల్కారం చెరువును ముంచింది, చుట్టుపక్కల బోర్లను పాడుచేసింది. దమ్మాయిగూడ దాకా కంపు. పాత గుట్టను కప్పారు, 2020లో 19.8 మెగావాట్ల చెత్త కరెంటు ప్లాంటు వచ్చింది, నల్లనీటిని శుద్ధి చేసే యంత్రాలు పెట్టారు. అక్కడ విషానికి పేరుంది, తూకముంది, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో లెక్కుంది. అయిదు రోజులు తన చెత్తను ఈ జిల్లా నెత్తిన పోసిన నగరం, మిగిలిన రెండు రోజులు ఇదే జిల్లాకు వచ్చి ఏసీ గదిలో "నా ఒంట్లో టాక్సిన్లు ఎక్కువైపోయాయి" అని మూలుగుతుంది. మల్కారం చెరువు వింటే ఏమనుకోవాలి?

ఇక జనాన్ని స్పాకు తరిమే ఆ నడుం నొప్పి ఎక్కడిదంటారా? ప్యారడైజ్ నుంచి శామీర్‌పేటకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న శంకుస్థాపన అయింది, రెండ్రోజులకు మేడ్చల్ దారికి కండ్లకోయలో ఇంకోటి. రెండు వైపులకూ మెట్రో అని 2025 జనవరి 1న ప్రకటన వచ్చింది. ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్లోనే మేడ్చల్ చేరింది గానీ వేళకు దొరికితేనే రైలు. అవన్నీ సరిగ్గా అమరేదాకా సుచిత్రలోనో అల్వాల్‌లోనో మొదటి గేరులో కూర్చున్న మనిషి నడుం పట్టేయకపోతే ఆశ్చర్యం. పన్నెండు గంటల షిఫ్టు, ఆరు గంటల కన్నా తక్కువ నిద్ర, గుంతల రోడ్డు, పడుకునేదాకా మోగే ఆఫీసు వాట్సాప్. వీటిలో ఏదీ ఒంటికి అంటిన మురికి కాదు, రుద్దితే పోవడానికి. "నీలో విషం ఉంది" అనే మాట చేసే మోసం అదే. షిఫ్టు వేసిన మేనేజరు, రోడ్డు వేయని సర్కారు తప్పుకుంటారు, దోషిగా నీ వీపు ఒక్కటే మిగులుతుంది.

ఆ వీపుల్లోనూ అంతస్తులున్నాయి. సారు వీపు లోపల బల్ల మీద ఉంటే, తెల్లవారుజామునే బండి తీసిన డ్రైవరు వీపు పార్కింగులో సీటు వాల్చుకుని ఉంటుంది. రోజంతా పరాయి భుజాలు పిసికే అమ్మాయి బొటనవేళ్లు, మణికట్లు రాత్రికి తీపులు. ఆ వృత్తిలో అవి అందరికీ వచ్చే నొప్పులే. పక్కనే మేడ్చల్ పారిశ్రామికవాడలో, గోదాముల్లో పెట్టెలు మోసేవాళ్ల నడుముల సంగతి ఏ మెనూలోనూ లేదు. విషం అందరిలో ఉంటే తీసుడు కొందరికేనా?

అంత మాత్రాన మసాజ్ పనికిరాదని కాదు. నడుం నొప్పికి మసాజ్ మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2015లో కోక్రేన్ సంస్థ సమీక్ష కలిపి చూసింది. కొద్దికాలం ఉపశమనం ఉండొచ్చు, ఆధారాలు మాత్రం బలమైనవి కావు అని తేల్చింది. అమ్మమ్మ మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆమె పరిశోధన చేయలేదు గానీ అబద్ధం కూడా చేర్చలేదు.

కాబట్టి వెళ్లండి, హాయిగా ఒళ్లు పట్టించుకోండి, పట్టిన చేతులకు టిప్పు బాగా ఇవ్వండి, డ్రైవరుకు భోజనం పెట్టించండి. వచ్చేముందు బిల్లు ఒకసారి చదవండి. అందులో జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్లు, జిమ్ములతో కలిపి ఈ సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. డాక్టరు చేసే చికిత్స మీద మామూలుగా జీఎస్టీయే ఉండదు. నిజంగా విషం తీసే పనైతే అది వైద్యం, పన్ను వేయకూడదు. పన్ను వేశారంటే అది క్షవరం పక్కన నిలబడే సేవ అని స్పా వాళ్లే రాసిచ్చి సంతకం పెట్టినట్టు. మెనూలో ఏం కూసినా, బిల్లులో మాత్రం వాళ్లు అబద్ధమాడలేదు.