చూసినచోట తగలని తుపాకీ కొనండి

ట్రాప్ షూటింగ్‌కు తుపాకీ కొనబోయేవాళ్లకు నేను చెప్పేవి తలకిందుల సలహాల్లా వినిపిస్తాయి. దుకాణదారు, ఇంట్లో పెద్దలు, నిన్నగాక మొన్న రేంజిలో చేరిన మిత్రుడు అందరూ వీటికి ఎదురే చెబుతారు. అయినా వీటిలో ఒక్కటీ వెనక్కి తీసుకోను. తప్పుడు తుపాకీ పట్టుకుని మంచి కుర్రవాళ్లు తమకు ఈ ఆట రాదని వెళ్లిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అన్నిటికన్నా ముందు, చూసినచోట తగలని తుపాకీ కొనండి. రైఫిల్‌కూ పిస్టల్‌కూ చూసినచోట తగలడమే ప్రాణం, ఎందుకంటే అక్కడ లక్ష్యం కదలదు. ట్రాప్‌లో లక్ష్యం పారిపోతుంది, అదీ పైకి లేస్తూ పారిపోతుంది. ఒలింపిక్ ట్రాప్‌లో షూటర్‌కు 15 మీటర్ల ముందు ఒక కందకం, అందులో 15 యంత్రాలు ఉంటాయి. ఒక్కో స్థానానికి మూడేసి. 'పుల్' అని అరిచాక ఆ మూడింటిలో ఏది విసురుతుందో ఎవరికీ తెలియదు. అది విసిరేది క్లే, అంటే చిన్న పళ్లెం లాంటి లక్ష్యం. 105 గ్రాముల బరువు, 110 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ క్లే గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో బయటికొస్తుంది. నేరుగానైనా పోవచ్చు, కుడికో ఎడమకో 45 డిగ్రీల దాకా తిరిగైనా పోవచ్చు. చేయి తిరిగిన షూటర్ మొదటి తూటా పేల్చేసరికి అర సెకను దాటుతుంది. అప్పటికి క్లే అతనికి 30 మీటర్లు దాటిపోయి, ఇంకా లేస్తూనే ఉంటుంది.

చూసినచోటే తగిలే తుపాకీతో దాన్ని కొట్టాలంటే గొట్టం చివరను క్లే కన్నా పైకి ఎత్తాలి. ఎత్తగానే క్లే గొట్టం చాటున పడిపోతుంది. కనిపించనిదాన్ని వెంటాడటం ఎవరి తరం? అందుకే అసలైన ట్రాప్ తుపాకీని కాస్త ఎత్తుకు కొట్టేలా తయారు చేస్తారు. పెల్లెట్లలో అరవై డెబ్భై శాతం మీరు చూపిన బిందువుకు పైన, మిగతావి కింద పడాలి. అప్పుడు క్లే గొట్టం చివర మీద కూర్చున్నట్టు కళ్లముందే ఉంటుంది, దాన్ని చూస్తూనే ట్రిగ్గర్ నొక్కవచ్చు. దుకాణంలో "ఇది సూటిగా కొడుతుంది సార్" అని మెచ్చుకుంటూ చూపించిన తుపాకీని దండం పెట్టి వదిలేయండి.

రెండోది, బరువైనది కొనండి. తేలికగా ఉంటే చురుగ్గా తిప్పవచ్చని అందరూ అంటారు. కానీ తేలిక తుపాకీ ఎంత చురుగ్గా కదులుతుందో అంత చురుగ్గా ఆగిపోతుంది. పేల్చే క్షణంలో చేయి ఆగితే తూటా క్లే వెనకాల పడుతుంది. మూడున్నర కిలోలు దాటి, నాలుగు కిలోలకు కొంచెం ఇటుగా ఉండే తుపాకీ ఒకసారి కదిలిందంటే తన ఊపు తానే నిలుపుకుంటుంది. పోటీలో 25 క్లేల చొప్పున ఐదు రౌండ్లు, మొత్తం 125. అర్హత రౌండ్లలో ఒక్కో క్లేకు రెండు తూటాలకు అవకాశం ఉంటుంది. అన్ని దెబ్బలూ భుజం, చెంప మోయాలి. తుపాకీ బరువు పెరిగితే ఆ తన్ను తగ్గుతుంది.

ఆడపిల్లలకు తేలికది కొనివ్వమనే మాట నాకు అస్సలు నచ్చదు. వాళ్లకు కావలసింది పొట్టి స్టాక్, తేలిక తుపాకీ కాదు. తేలికది ఇస్తే తన్ను భరించలేక రెండో నెలకే ట్రిగ్గర్ దగ్గర వేలు వణకడం మొదలవుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్ ట్రాప్‌లో పోటీపడ్డ షగున్ చౌదరి, ఆ తర్వాత వచ్చిన శ్రేయసి సింగ్, రాజేశ్వరి కుమారి అందరూ కొట్టింది పన్నెండు బోరుతోనే.

తాతగారి తుపాకీ విషయం ఇక్కడే చెప్పాలి. పాత జమీందారీ ఇళ్లలో, దొరల గడుల్లో పక్కపక్కన గొట్టాలున్న డబుల్ బ్యారెల్ వేట తుపాకులు ఇప్పటికీ ఉన్నాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వాటికి పని లేకుండా పోయింది. వాటి పనితనం అద్భుతం, కాదనను. కానీ అవి రోజంతా భుజాన వేసుకుని నడవడానికి తయారైనవి, రోజుకు వంద తూటాలు కాల్చడానికి కాదు. పైగా ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకు రెండు ఆయుధాలే అనుమతి. వారసత్వంగా వచ్చినది అందులో ఒక చోటు తినేస్తుంది. గుర్తింపు పొందిన క్రీడాకారులకు మినహాయింపులున్నాయి గానీ, కొత్తగా మొదలుపెట్టేవారికి అవి చాలా దూరం. కాబట్టి ఆ రెండో చోటును ఆచితూచి వాడుకోండి.

మూడో సలహాకు చాలామంది ఎదురు తిరుగుతారు. కుడిచేతి వాటం అయినా సరే, బలమైన కన్ను ఎడమదైతే ఎడమ భుజానికే తుపాకీ ఆనించండి. రెండు అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు ఉంచి, చేతులు చాచి, దూరంగా ఉన్న దీపస్తంభాన్ని ఆ సందులోంచి రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూసి చూడండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు స్తంభం కనిపిస్తుందో అదే మీ యజమాని. చేయి కొన్ని నెలల్లో కొత్త అలవాటు నేర్చుకుంటుంది, కన్ను మాత్రం మాట వినదు. కొనేముందే ఇది తేల్చుకోవాలి. స్టాక్‌ను కుడివాళ్లకు ఒకవైపు, ఎడమవాళ్లకు మరోవైపు కొద్దిగా వంచి చేస్తారు. మారడం ఎంతకీ కుదరనివాళ్లు కళ్లద్దాల్లో ఎడమ అద్దం మీద గొట్టం చివర కనపడేచోట చిన్న టేపు ముక్క అంటించుకుంటారు. అది రెండో దారి, మొదటిది కాదు.

ఇక రంపం సంగతి. లక్షలు పోసి కొన్న తుపాకీ స్టాక్‌ను కోయించడానికి వెనకాడకండి. వాల్‌నట్ చెక్క మీది నిగనిగలు చూసి చాలామందికి గుండె ఒప్పదు. షాట్‌గన్‌కు వెనక గురి ఉండదు, మీ కన్నే వెనక గురి. చెంప చెక్క మీద ఎక్కడ ఆనుతుందో కన్ను అక్కడుంటుంది. చెంప ఆనేచోటును మిల్లీమీటరున్నర ఎత్తితే 15 మీటర్ల దూరాన దెబ్బ దాదాపు రెండున్నర సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. క్లే ఉండే దూరానికి అది రెట్టింపవుతుంది. పొడవు కూడా అంతే ముఖ్యం. మే నెలలో హైదరాబాద్‌లో పలచటి చొక్కాతో సరిపోయిన స్టాక్, డిసెంబరులో ఢిల్లీ తుగ్లకాబాద్ రేంజిలో స్వెట్టర్ మీద పొడవైపోయి చంకలో తట్టుకుంటుంది. రెండు మందాల రబ్బరు ప్యాడ్లు పెట్టుకుంటే ఆ బాధ తీరుతుంది. నా దృష్టిలో పేరున్న గొట్టానికి పోసే డబ్బులో సగం, స్టాక్‌ను ఒంటికి అమర్చగల మంచి పనివాడికి ఇవ్వడం మేలు.

అందుకే "ఛాంపియన్ ఏది వాడుతున్నాడు?" అని అడగకండి. 1962లో కైరో ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చిన బికనీర్ మహారాజా కర్ణీసింగ్, 2006లో జాగ్రెబ్‌లో ప్రపంచ విజేత అయిన మానవ్‌జిత్ సింగ్ సంధూ, 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లిన మన హైదరాబాదీ కైనన్ చెనాయ్, ఎవరి తుపాకీ వారి చెంపకు కుదిరినది. ఒకరి కళ్లద్దాలు ఇంకొకరు పెట్టుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఇటలీలో డానియెలె పెరాజీ చేసిన ఎంఎక్స్8 తుపాకీ వెనక, 1964 టోక్యో ట్రాప్ స్వర్ణ విజేత ఎన్నియో మత్తరెల్లి అనుభవం ఉంది. 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం దాన్ని రూపొందించారు. అందులో ట్రిగ్గర్ భాగం మొత్తాన్ని చేత్తో ఊడదీసి మరొకటి పెట్టవచ్చు, స్ప్రింగ్ విరిగినా పోటీ ఆగదు. అరువు తెచ్చుకోదగిన గుణం అది. పేరు చూసి కొనకండి, ఇలాంటి గుణం చూసి కొనండి.

గొట్టం మీదుండే పూసను పీకేయమంటాను. కొత్తవాళ్ల చూపు క్లే నుంచి పూసకు, పూస నుంచి క్లేకు గెంతుతుంది. ఆ గెంతులోనే తుపాకీ ఆగుతుంది. గొట్టం పొడవు 30 అంగుళాలైనా 32 అయినా తూటా దూరంలో చెప్పుకోదగ్గ తేడా రాదు, ఊపులోనే తేడా. మీ ఎత్తును బట్టి తీసుకోండి. చోకులు, అంటే గొట్టం చివరి ఇరుకులు, మార్చుకునే సౌకర్యం కూడా వద్దు. మొదటి గొట్టం ముప్పాతిక చోకు, రెండోది ఫుల్ చోకు, అంతే. ఈ ఆటలో దూరాలు ముందే తెలిసినవి. 24 గ్రాముల తూటాలో ఏడున్నర నంబరు పెల్లెట్లు దాదాపు 300 ఉంటాయి, వాటికి ఇంతకన్నా ఏర్పాటు అక్కర్లేదు. చోకులు విప్పే కీ జేబులో ఉంటే ప్రతి తప్పుకూ ఒక సాకు దొరుకుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. అక్కడి క్లబ్బుల్లో ఎక్కువగా ఆడే ట్రాప్ వేరు. 16 గజాల నుంచి మొదలై, క్లేకు ఒకే తూటా, కోణాలు ఇరుకు. ఆ ఆటకే చేసిన ఒంటి గొట్టం తుపాకీ కొని, సెలవుల్లో ఇక్కడి కందకం ముందు నిలబడితే రెండో తూటాకు చోటే ఉండదు.

చివరగా, లైసెన్సు ఆలస్యమైతే సంతోషించండి. నగరంలో పోలీసు కమిషనర్ కార్యాలయం, జిల్లాలో కలెక్టరేట్, విచారణలు, పత్రాలు, నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో క్లబ్బు తుపాకులతో కోచ్ పక్కన ఉండగా కాల్చండి. ఖాళీ తుపాకీని రెండుసార్లు చూసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి, తర్వాత కళ్లు తెరవండి. గొట్టం మీది పట్టీ (రిబ్) ఎంత కనిపిస్తోందో మీరు చూసుకోండి; చెంప ఎక్కడ ఆనింది, మెడ వంగుతోందా అని కోచ్‌ను చూడమనండి. 15 మీటర్ల దూరాన పెద్ద కాగితం కట్టి, మధ్యలో చుక్క పెట్టి, ఆ ఒక్క చుక్క మీదికే ఐదు తూటాలు కాల్చి, పెల్లెట్ల గుంపు నడిమి చుక్కకు ఎంత పైన పడిందో స్కేలుతో కొలవండి. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివర దాకా పొడవు, చెంప దగ్గర ఎత్తు, ప్యాడ్ మందం, ఆ రోజు వేసుకున్న చొక్కా, అన్నీ తేదీ వేసి రాసుకోండి. దుకాణానికి వెళ్లేరోజు ఆ కాగితం, ఒక టేపు, కోచ్, ఈ మూడింటినీ వెంట తీసుకెళ్లండి.