మైసూరు బస్సుయాత్రా పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
కోట చూచి పిదప కొలువుకూటము చూచి
తోట చూచు వేళ తొందరించి
బస్సు కదలు ననుచు పరుగెత్తువారికి
చాయకొట్టు కడనె చల్లదనము

అవతారిక: ఈ పద్యకర్త ఎవరో తెలియదు. చల్లదనం చాయకొట్టు దగ్గరే దొరికిందన్నాడు గనుక ఏసీ పనిచేయని బస్సులో రచించాడని మాత్రం రూఢిగా చెప్పవచ్చు. దేశనిర్ణయమూ సులభమే. రాత్రి మన ఊళ్లో ఎక్కించుకుని, పొద్దున్నే బెంగళూరు దాటించి, శ్రీరంగపట్నం, మైసూరు, బృందావన్ గార్డెన్స్ ఒక్క పగటిలో ముగించే యాత్ర ఇది. వంటపాత్రలు డిక్కీలో, వంటవాళ్లు ఆఖరి సీట్లో వెంట వస్తారు. పద్యానికి వ్యాఖ్యాన సంప్రదాయాలు రెండు: ముందుసీటువారిది, వెనకసీటువారిది. ముందువారికి దారి కనబడుతుంది, వెనకవారికి గుంతలు తెలుస్తాయి. అందుచేత వారికి ఏ పాదంలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు.

ప్రతిపదార్థం:
కోట చూచి = ఎడమ కిటికీవారు చూడగా, కుడి కిటికీవారు వారి తలలు చూచి;
పిదప = ఇడ్లీలయ్యాక;
కొలువుకూటము చూచి = ముందున్నవారి భుజాల మీదుగా మైసూరు దర్బారును చూచి;
తోట చూచు వేళ = బృందావనంలో ఫోను ఎత్తిపట్టిన వేళ;
తొందరించి = మేనేజరుగారి ఈల విని;
బస్సు కదలును అనుచు = కదలదని తెలిసియు;
పరుగెత్తువారికి = పెద్దలకు, పిల్లలకు, చెప్పులు దొరకనివారికి;
చాయకొట్టు కడనె = రోడ్డువార టీ బల్ల దగ్గర మాత్రమే;
చల్లదనము = ఊపిరి తిరుగుట.

"చూచు" మూడుసార్లు వచ్చింది, ఇది పునరుక్తి దోషమని శంక. కాదు. మొదటిది కిటికీలోంచి, రెండవది భుజాల మీదుగా, మూడవది ఫోనులోంచి. మూడూ వేరువేరు చూపులు. స్వయంగా నిలబడి కళ్లతో చూచుట అనే నాలుగవ అర్థం ఈ యాత్రలో ప్రయోగంలో లేదు.

ఇక "కోట". శ్రీరంగపట్నం అది: కావేరి రెండు పాయల నడుమ ద్వీపం, 1799 మే 4న టిప్పు సుల్తాను పోరాడి పడిపోయిన చోటు. ముందుసీటువారు కోట అంటే గోడలే అంటారు. నేను వెనకసీటువారి పక్షం. వారి మతంలో కోట అనగా దాని వెలుపల తోటలో ఉన్న దరియా దౌలత్ కూడా. 1784లో టిప్పు కట్టించుకున్న టేకు చెక్క వేసవి విడిది అది, ఇప్పుడు మ్యూజియం. దాని పడమటి గోడ నిండా 1780 నాటి పొల్లిలూరు యుద్ధం. కంచి దగ్గర హైదరాలీ, టిప్పు కలిసి కుంపిణీ సైన్యాన్ని చిత్తుచేసిన కథ. నడుమ తుపాకిమందు బండి పేలుతుంటుంది, కుంపిణీ కర్నల్ బెయిలీ పల్లకీలో చిక్కుబడి ఉంటాడు. అంత రణగొణలోనూ టిప్పు తీరిగ్గా గులాబీ వాసన చూస్తుంటాడు. యాత్ర మొత్తంలో తొందర లేనివాడు ఆయనొక్కడే.

ఇంతకన్నా వింత మరొకటుంది. పట్నం పడ్డాక ఈ విడిదిలోనే ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కాపురమున్నాడు. 1850లలో డల్హౌసీ ప్రభువు ఈ బొమ్మలకు మళ్లీ రంగులు వేయించాడు. తమ వాళ్ల ఓటమిని తమ ఖర్చుతో బాగు చేయించిన దొరలు! ఈ గోడ ముందు గంటసేపు నిలబడాలి. మేనేజరుగారు ఇచ్చేది ఇరవై నిమిషాలు, అందులో క్యూ పోను మిగిలింది మనది. ఆ చిన్న వ్యవధిలోనూ "వదినగారూ, కాస్త ఇటు జరగండి, బెయిలీ అడ్డమొస్తున్నాడు" అని ఫోటో తీసేవారున్నారు.

"కొలువుకూటము" దగ్గర అసలు వాదం. ముందుసీటువారు ఇది మైసూరు పెద్ద ప్యాలెస్ అంటారు. పాత చెక్క ప్యాలెస్ 1897లో రాచకుమార్తె పెళ్లి సందడిలో కాలిపోగా, హెన్రీ ఇర్విన్ గీసిన నమూనాతో కొత్తది 1912కు లేచింది. కల్యాణ మంటపం ఇనుప స్తంభాలు గ్లాస్గో నుంచి వచ్చాయి, పైకప్పు అద్దాలలో నెమళ్లు. మెడనొప్పి పుట్టేదాకా చూడదగినది. అయితే చెప్పులు బయట వదలాలి గనుక సగం మంది మనసు అక్కడే ఉంటుంది.

వెనకసీటువారు ఒప్పుకోరు. కాలిన ప్యాలెస్‌కూ కొత్త ప్యాలెస్‌కూ నడుమ కొలువు ఎక్కడ సాగింది? జగన్మోహన ప్యాలెస్‌లో. నాల్వడి కృష్ణరాజ ఒడయరు 1902లో పాలనాధికారం అందుకున్నదీ అక్కడే. అదే ఇప్పుడు చిత్రశాల. కనుక కవి ఒక్క మాటతో మ్యూజియాన్నీ పద్యంలోకి తెచ్చాడని వారి సిద్ధాంతం. బాగుంది. అక్కడ దీపానికి చేయి అడ్డుపెట్టిన స్త్రీ బొమ్మ ముందు గుంపు కడతారు. "రవివర్మ చెయ్యి అంటే చెయ్యే" అని మావయ్యగారు అంటారు. ఆ బొమ్మ రవివర్మది కాదు, హల్దణ్‌కర్‌ది. దీపం పట్టుకుని నిలుచున్నది ఆయన కూతురు. రవివర్మ బొమ్మలు అదే భవనంలో వేరే ఉన్నాయి. వాటి ముందు జనం పలచన.

"తోట": బృందావనం. కావేరి మీద కట్టిన కృష్ణరాజసాగరం ఆనకట్ట కింద, దివాను మీర్జా ఇస్మాయిల్ వేయించిన మెట్లుమెట్ల ఉద్యానం. ఆనకట్ట పేరు వినగానే బస్సంతా "విశ్వేశ్వరయ్యగారు మనవారే" అంటుంది. తప్పు లేదు. ఇంటిపేరు మోక్షగుండం ఆంధ్రదేశపు ఊరే. 1908 మూసీ వరద తరవాత హైదరాబాదు కోసం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు దారి చూపినదీ ఆయనే. సిమెంటుకు బదులు సున్నమూ ఇటుకపొడీ కలిపిన సుర్కీతో ఇంత నీటిని ఆపారన్న మాట మాత్రం మన గైడు చెప్పడు. ఏ సినిమా పాట ఏ మెట్టు మీద తీశారో చెబుతాడు.

"తొందరించి" అనుటకు కారణం: ఆదివారం చీకటిపడగానే ప్యాలెస్ దాదాపు లక్ష బల్బులతో వెలుగుతుంది, సుమారు 20 కిలోమీటర్ల అవతల తోటలో అదే వేళకు ఫౌంటెన్లు పాటకు ఆడతాయి. కరపత్రంలో రెండూ ఉన్నాయి. బస్సు ఒకటే ఉంది.

"చాయకొట్టు": ఛాయ అనగా నీడ అని ముందుసీటువారు, టీ అని వెనకసీటువారు. శ్లేష గనుక ఇద్దరూ గెలిచారు. వేడి టీ వలన చల్లదనం పుట్టుట విరోధాభాసం. కాఫీ పండే కన్నడ దేశంలో, మద్దూరు వడ పక్కన కాఫీ పొగలు కక్కుతుండగా చాయ ఏల అని శంక. డ్రైవరుగారు చాయ తాగుతారు గనుక అని సమాధానం.

తాత్పర్యం: మూడు చోట్లా చూడవలసింది చాలా ఉంది, చూపించేది కొంచెం. మిగిలినది టీ తాగుతూ ఒకరికొకరు చెప్పుకోవాలి.

పాఠాంతరం: "చీరకొట్టు కడనె చల్లదనము" అని కొందరు చదువుతారు. "చీ"కి "చ" యతి చెల్లదు గనుక ముందుసీటువారు దీన్ని ప్రక్షిప్తమని కొట్టేశారు. వెనకసీటు మగవారు "చీరకొట్టు కడనె చేటు పుట్టు" అని సవరించి యతి నిలబెట్టారు. ఆడవారి వాదం వేరు: ప్యాలెస్ పూర్తయిన 1912లోనే మైసూరులో పట్టుమిల్లూ మొదలైంది గనుక చీరకొట్టు కూడా చారిత్రక స్థలమే, దానికి ముప్పావుగంట ఇవ్వడం న్యాయమే. ఈ పాఠం ఏ తాళపత్రంలో ఉందని అడిగితే సిల్కు దుకాణం బిల్లు వెనక్కి తిప్పి చూపుతారు.