కూటమి కట్టారు, టికెట్ కొట్టరు!

విమానయాన సంస్థల కూటముల్లో స్టార్ అలయన్స్ 1997లో పుట్టింది, వన్‌వరల్డ్ 1999లో, స్కైటీమ్ 2000లో. పెళ్లిళ్లు ఘనంగానే జరిగాయి, కాపురాలే వేరు. ఒకే కూటమిలోని మూడు సంస్థల విమానాలు కలిపి ఒకే టికెట్ కొట్టమంటే, కొన్నిసార్లు "ఆ సెక్టార్ మాది కాదండీ, వాళ్లనే అడగండి" అంటారు. ఉన్న టికెట్ మార్చమని వాళ్ల దగ్గరికెళ్తే టికెట్ నంబరులో, ఇచ్చిన సంస్థను తెలిపే మొదటి మూడంకెలు చూసి, "ఇచ్చినవాళ్లే మార్చాలి" అని మళ్లీ ఇటే తోలతారు.

ఎవరి ఛార్జీల నిబంధనలు వారివి, ఎవరి కంప్యూటర్లు వారివి అంటారు. నిజమే. కానీ ఒకరి టికెట్‌పై మరొకరు ఎక్కించుకున్న ప్రయాణికుడి సొమ్ము తేల్చుకోవడానికి అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం (ఐయాటా) క్లియరింగ్ హౌస్ 1947 నుంచే ఉంది. వాళ్ల బాకీలకు లేని అడ్డు మన ప్రయాణానికే వచ్చిందా? కలిసి రేట్లు మాట్లాడుకుంటే పోటీ చట్టాలు ఊరుకోవన్నది ఇంకో సాకు. చట్టం అడ్డు చెప్పేది కుమ్మక్కై ధర పెంచడానికి. ఉన్న ఛార్జీలను ఒక టికెట్లో కూర్చడానికి కాదు. ప్రపంచం చుట్టే టికెట్ అయితే 16 విమానాల దాకా కలిపి అమ్ముతున్నారుగా! (దాని ధర చూస్తే ఆ ఉత్సాహం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది.) ఈలోగా హైదరాబాద్ నుంచి డాలస్‌కు అమ్మానాన్నల కోసం విడివిడిగా టికెట్లు కొన్న పిల్లలు, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, కొత్త టికెట్ మళ్లీ తమ జేబులోంచే కొనాలి.